సున్నం తాగే నీళ్లు

నా మెడ కుడివైపు తిరగదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మనిషినంతా తిప్పుకోవాలి. కొత్తవాళ్లు చూసి ముసలిదానికి ఎంత పొగరో అనుకుంటారు. అనుకోనీ. మెడ సంగతి అటుంచి నడుము, మోకాళ్లు, చివరికి చేతివేళ్లు కూడా నా మాట వినని రోజులు ఒకప్పుడు చూశాను. ఆ రోజుల ముందు ఈ మెడ నాకు ముద్దుగానే ఉంది.

బస్తర్‌లో రాజుగారి పాలన నడిచిన కాలం నాటి మాట ఇది. ఇన్నేళ్ల తర్వాత ఎందుకు రాస్తున్నానంటే, మొన్న మా వీధిలో ఒక చిన్నపిల్ల నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపించాయి. వాళ్లమ్మను పిలిచి ఏ నీళ్లు తాగుతున్నారని అడిగాను. "కొత్తగా బోరు వేయించాం పెద్దమ్మా, అద్దంలా ఉంటాయి" అంది. ఆవిడకు నాలుగు ముక్కలు చెబుదామని కూర్చున్నాను గానీ, కలం పట్టుకున్నాక మనసు ఆ కొండ దగ్గరికే వెళ్లిపోయింది. ఇందులో జాగ్రత్తలు తక్కువ, బెంగ ఎక్కువ కనిపిస్తే ఏమీ అనుకోకండి.

నేను పుట్టింది కోంటాలో. శబరి రేవు దగ్గర మా నాన్నకు చిన్న కొట్టు ఉండేది. నాలుగక్షరాలు ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నది నీళ్లే తాగాం. వానాకాలం ఎర్రగా వచ్చేవి. కుండ లోపల చిల్లగింజ అరగదీసి కాసేపు ఉంచితే మట్టి అడుగుకు చేరేది. పైనున్నవి తాగేవాళ్లం. అది గొప్ప అని గానీ తక్కువ అని గానీ మాకు తెలియదు.

పెళ్లయి నేను వెళ్లింది తోంగ్‌పాల్ దాటి లోపలికి, సున్నపురాతి కొండ కిందికి. అదంతా రాజుగారి రిజర్వు అడవి. పచ్చని చెట్టు మీద గొడ్డలి పడకూడదు, జింకను కొట్టకూడదు. జగదల్‌పూర్ కట్టడాలకు సున్నం కావాలి కాబట్టి మా అత్తవారి మనుషులకు ఒక మూల చోటిచ్చారు. వాళ్లు రెండు తరాల కింద గోదావరి వైపు నుంచి వచ్చి అక్కడ బట్టీలు పెట్టుకున్నారు. రాయి తీసుకోవచ్చు, ఎండిపడిన కట్టె ఏరుకోవచ్చు. అంతే. పట్టుమని పదిహేను గుడిసెలు కూడా లేవు.

ఆ చోటు ఎంత బాగుండేదో ఎలా చెప్పను. బూడిదరంగు రాయి పొరలు పొరలుగా పేర్చినట్టు ఉండేది. పొద్దున్నే కొండగోరింకలు అరిచేవి. మా అత్తమ్మ కోళ్లను పిలిచే పిలుపును ఒక గోరింక అచ్చంగా పట్టేసింది. అది పిలిస్తే కోళ్లు పరుగెత్తుకొచ్చి, గింజలు లేక బిక్కమొహం వేసేవి. అత్తమ్మ దాన్ని తిట్టే తిట్లు వినడానికి నేను పనిమానుకుని నిలబడేదాన్ని.

అత్తమ్మ పేరు ముత్తమ్మ. కొండ అడుగున రాతి పగులులోంచి ఒక ఊట కారేది. దాని బాగోగులన్నీ ఆవిడవే. తెల్లవారగానే ఆ నోరు చుట్టూ ఆకులు ఊడ్చి, సొరబుర్రలతో నీళ్లు పట్టేది. ఊట బాగా కిందికి ఉండేది. గొంతుక్కూర్చుని తల వంచితే గాని బుర్ర అందదు. నీళ్లు చల్లగా, తియ్యగా ఉండేవి. ఇంకో పక్క ఒక వాగు ఉండేది. ఎక్కడో పైన ఎర్రమట్టి నేలల్లోంచి, కుళ్లిన ఆకుల్లోంచి వచ్చేది. ఆ నీళ్లను కావడి మీద తెచ్చి బట్టీల పక్కన తొట్టిలో పోసేవాళ్లు. కాల్చిన రాయి మీద అవి చల్లితే అది బుసబుస పొంగి, పగిలి, పొడి అయ్యేది.

నేను కాపురానికి వెళ్లిన కొత్తలో తెలియక వాగు దగ్గర దోసిలి పట్టాను. అత్తమ్మ పరుగున వచ్చి నా చెయ్యి లాగేసింది.

"ఏందే బుచ్చీ, అవి సున్నం తాగే నీళ్లు. మనిషి రాతినీళ్లు తాగాలె. రాతినీళ్లు తాగినోళ్ల ఎముక రాయి లెక్క ఉంటది."

ఆ తర్వాత అందరూ నన్ను బురదనీళ్ల పిల్ల అని ఆటపట్టించారు. మా ఆయన కన్నయ్య కూడా. నేనూ ఊరుకోలేదు. "బురదనీళ్లు తాగిన మా నాయన నిటారుగా నడుస్తడు, రాతినీళ్లు తాగిన మీరంతా నేల మీద పైసలు ఎతుకుతున్నట్టు ఉంటరు" అనేదాన్ని. నిజంగానే అక్కడ నడివయసు వచ్చేసరికి అందరి నడుములూ వంగిపోయేవి. రాళ్లు మోసి మోసి అలా అయ్యారనుకునేవాళ్లం. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు ఉండేవి. బట్టీ పొగ అంటుకుందనుకునేవాళ్లం. నేను కూడా నవ్వుతూ అన్నానే తప్ప, అన్నదాని గురించి ఆలోచించలేదు.

*

ఇప్పపూల కాలంలో మొదలైంది. అప్పటికి మా పాప చుక్కమ్మ చెట్టు కింద నాతోపాటు పూలు ఏరేంత పిల్ల. ఏరి ఏరి లేవబోతే మోకాళ్లు లేవలేదు. పాప ఆటనుకుని నా వీపెక్కింది. నేనూ నవ్వాను. మర్నాడు నవ్వలేదు.

ముందు నడుము పట్టేసింది. తర్వాత పాదాల్లో చీమలు పాకినట్టు ఉండేది. వానలు పడేసరికి మెడ బిగిసింది. నొప్పి కన్నా ఆ బిగుసుకోవడమే నన్ను భయపెట్టింది. గొంతుక్కూర్చోలేకపోయాను. ఆడదానికి అంతకన్నా సిగ్గు ఏముంటుంది చెప్పండి. చెట్లలోకి వెళితే పట్టుకోవడానికి మా ఆయన రెండు గుంజలు పాతి అడ్డంగా వెదురు కట్టాడు. ఎవరికీ చెప్పకుండా, అడక్కుండా కట్టాడు. ఆ మనిషి నోటి నుంచి ప్రేమ మాట ఒక్కటి కూడా విన్న గుర్తు లేదు గానీ ఆ వెదురు నేను మరచిపోలేదు.

దేవుడు పట్టాడని ఒకరు, గాలి సోకిందని ఒకరు అన్నారు. కోడిని కోశారు, వేర్లు నూరి పట్టు వేశారు. అత్తమ్మ చేసింది మాత్రం అన్నిటికన్నా గట్టిది. అప్పటిదాకా కూడు వండటానికి ఏ నీళ్లయినా వాడేది, పొయ్యెక్కే నీళ్లకు పట్టింపు లేదు. నేను మంచం పట్టాక వాగు నీళ్లు గడప దాటనివ్వలేదు. జావ, కూడు, స్నానం, అన్నీ ఊట నీళ్లతోనే. వంగిన నడుముతో ఎన్నిసార్లు ఎక్కి దిగేదో. బుర్ర నా నోటి దగ్గర పెట్టి, "ఇంకొక గుక్క, నా తల్లి, ఇంకొక గుక్క" అనేది. సొంత తల్లి కూడా అంత చెయ్యదు. ఆవిడ పోసిన కొద్దీ నేను ఇంకా బిగుసుకుపోయాను.

మా ఆయనకు విసుగు వచ్చేది. ఒకరోజు కుండ తన్నేశాడు. తర్వాత బట్టీ వెనక కూర్చుని ఏడ్చాడని పాప వచ్చి చెప్పింది. చివరికి నన్ను సున్నం బండి మీద కోంటాకు పంపారు. మిగిలిన వానాకాలమంతా పుట్టింట్లో ఉన్నాను. మెల్లగా చీమలు పాకడం తగ్గింది. చలికాలానికి గోడ పట్టుకుని నడిచాను. సంబరంగా తిరిగి వచ్చాను. మళ్లీ ఎండలు ముదిరేసరికి మంచం మీదే ఉన్నాను.

"మీ అమ్మ కూడు తింటే లేస్తవ్, నా చేతి కూడు తింటే పడుకుంటవ్" అంది అత్తమ్మ. "ఏం పెడుతున్న నేను? ఇసం పెడుతున్ననా?"

అలా కాదని నేను చెప్పలేకపోయాను. నాకూ అదే అనుమానం ఉండేది కదా. నీళ్ల మీద కాదు, ఆవిడ మీద. ఒకే గుడిసెలో ఇద్దరం మాటలు లేకుండా చాలాకాలం గడిపాం. అయినా బుర్ర మాత్రం నోటి దగ్గరికి వచ్చేది.

నాకున్న భయం చావు కాదు. కర్రలా బిగుసుకుని ఏళ్ల తరబడి బతకడం. మా ఆయనకు ఇంకొకతెను తెస్తారు, నా పాప ఆమెను అమ్మా అంటుంది, నేను మూల నిలబెట్టిన రోకలిలా అంతా చూస్తూ ఉంటాను. మెడ తిప్పుకోవడం రాదు కాబట్టి చూడకుండా కూడా ఉండలేను.

*

దసరా రథం కోసం ఊళ్లన్నీ జగదల్‌పూర్‌కు కదిలే రోజుల్లో మా బండి కూడా కదిలింది. అందరూ దేవిని చూడటానికి, నేను ఆసుపత్రికి. సున్నం బస్తాల మీద గడ్డి పరిచి నన్ను పడుకోబెట్టారు. పాపను వదిలి ఉండలేనని మొండికేస్తే దాన్నీ ఎక్కించారు. ఆ రోజు మొండికేయడం నా జన్మకు మంచిదైంది.

పెద్దాసుపత్రి వరండాలో బస్తర్ అంతా ఉంది. హల్బీలో మూలిగేవాళ్లు, గోండీలో మూలిగేవాళ్లు, హిందీలో కసిరే నౌకర్లు. మూలుగు మాత్రం ఏ భాషలోనైనా ఒకటేనని అక్కడే తెలిసింది. లోపలికి ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలియదు. నేను కూర్చోలేను, ఎక్కువసేపు నిలబడలేను. స్తంభానికి ఆనుకుని ఉంటే, బీజాపూర్ వైపు నుంచి తమ్ముడిని తీసుకొచ్చిన కోసి అనే ఆమె నన్నే చూస్తోంది. దోర్లి కలిసిన తెలుగులో అడిగింది.

"అక్కా, కూసోరాదా?"

"రాదు."

"పండుకో మరి. నా మీద ఒరుగు."

గోడకు ఆనుకుని నిలబడి, నన్ను తన ఒంటి మీద ఒరగనిచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి. తమ్ముడికి జ్వరం కాలిపోతోంది, అయినా నన్ను మొయ్యడానికి ఒక భుజం ఖాళీగా ఉందామెకు. సాయంత్రం మమ్మల్ని పిలిచినప్పుడు వెనక్కి తిరిగి ఆమెకు ఒక మాట చెప్పాలనుకున్నాను. మెడ తిరగలేదు. ఆమె తమ్ముడు బతికాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

డాక్టరు తెలుగాయన, మద్రాసు వైపు నుంచి వచ్చినవాడు. నన్ను వంచి చూశాడు, తట్టి చూశాడు. వాతమనే అనుకున్నట్టుంది, మందు రాయబోయాడు. అంతలో పాప ఆయన మెడలో వేలాడే గొట్టాన్ని చూసి నవ్వింది. ఆయన కలం పక్కన పెట్టి దాన్ని దగ్గరికి పిలిచాడు.

"ఏదీ, ఇంకోసారి నవ్వు. అమ్మా, మీ ఊళ్లో పిల్లలందరి పళ్లూ ఇలాగే ఉంటాయా?"

"బట్టీ పిల్లలు గదయ్యా. పొగ" అన్నాడు మా ఆయన.

"పొగ కాదు. పెద్దవాళ్ల నడుములు వంగిపోతాయా?"

మా ఆయన నా మొహం చూశాడు. నేను ఆయన మొహం చూశాను. డాక్టరు చెప్పాడు. వాళ్ల వైపు కూడా కొన్ని ఊళ్లలో ఇలాగే ఉందట. సున్నపురాయి లాంటి కొన్ని రాళ్లలో ఫ్లోరిన్ అనేది ఉంటుందట. రాతిలో నానిన నీళ్లలోకి దిగుతుందట. కంటికి కనపడదు, నాలుకకు తెలియదు, కాచినా పోదు. ఎముకలో చేరి దాన్ని రాయి చేస్తుంది.

"మీరు తాగేది రాతి ఊటే కదా?" అన్నాడు. "మానెయ్యండి. వేరే నీళ్లు లేవా?"

"ఉన్నయి" అన్నాను. "సున్నానికి పోస్తం."

ఆయన నవ్వలేదు. మందు కూడా ఏమీ రాయలేదు. "తగ్గిపోతుందని మాట ఇవ్వలేను. ముదరకుండా ఆగుతుంది. నొప్పి తగ్గుతుంది. పిల్లకు మాత్రం ఇంకా టైముంది" అన్నాడు.

తిరుగు బండిలో మా ఆయన దారంతా ఒక్కటే అన్నాడు. "మా అమ్మకు ఎట్ల చెప్పాలె?"

*

కోంటాకు వెళ్లి బతకొచ్చు కదా అని మీరనవచ్చు. నేను వెళ్లొచ్చు. మా ఆయనకు బట్టీ పని తప్ప ఇంకేదీ రాదు. పాపను వాళ్లు వదలరు. నాకు మా ఆయన, పాప, అత్తమ్మ, ముగ్గురూ కావాలి. ఆ కొండ కూడా కావాలి. అప్పుడు నాకు ఉన్న దారి ఒక్కటే, ఆ చోటే ఉండి వాగు నీళ్లు తాగడం. చెప్పినంత తేలిక కాదది. బట్టీ మనుషులకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా పెద్ద తప్పు చేస్తే, కులానికి విందు పెట్టి తప్పు కడుక్కునేదాకా ఊట ముట్టకూడదు. వాగు నీళ్లే, అవీ సున్నం తొట్టిలోవే తాగాలి. ఆ తొట్టిలో బుర్ర ముంచిన మనిషి గడప ఎవరూ తొక్కరు, అతని చేతి కూడు ఎవరూ తినరు. అంటే నేను ఆరోగ్యం కోసం తాగబోయేది వెలి నీళ్లు.

అత్తమ్మకు మా ఆయన ఏం చెప్పాడో, ఎలా చెప్పాడో నేను వినలేదు. ఆవిడ ఊట దగ్గరికి వెళ్లి చాలాసేపు రాలేదు. ఆ పూట నా నోటి దగ్గరికి బుర్ర రాలేదు.

పెద్దమనిషి ఎర్రయ్య మామ బట్టీల మధ్య అందరినీ కూర్చోబెట్టాడు. నన్ను మంచంతో సహా తెచ్చి పెట్టారు.

"దవాఖానల చెప్పిండట, మన తాతలు తాగిన నీళ్లు ఇసమట" అన్నాడు. కొందరు నవ్వారు. "బురదనీళ్ల పిల్ల బురదనీళ్లకే పోతానంటే మనకేంది. తాగనీ. గానీ కట్టుబాటు అందరికీ ఒక్కటే. తొట్టిల నీళ్లు తాగినోళ్లు ఊటకాడికి రావద్దు, మా ఇండ్లకు రావద్దు. కన్నయ్యా, నువ్వెటు?"

మా ఆయన తల దించుకున్నాడు. నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. పాపను దగ్గరికి పిలిచాను. పాడైన నా చేతివేళ్లతో దాని జుట్టు కూడా సరిగ్గా పట్టుకోలేకపోయాను. "నేను తాగుత. నా పిల్ల తాగుతది. ఎలెయ్యి" అన్నాను. ధైర్యం కాదది, ఇంకో దారి లేకపోవడం.

అప్పుడు అత్తమ్మ లేచింది. చేతిలో ఊటకు తీసుకెళ్లే సొరబుర్ర. ఆ వంగిన నడుముతోనే మనుషుల మధ్య నుంచి నడిచి తొట్టి దగ్గరికి వెళ్లింది. బుర్ర ముంచింది. ఆకు ముక్కలు తేలుతున్న ఆ ఎర్రనీళ్లను గటగటా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఎర్రయ్యా, నీ బొడ్డు కోసింది నేను. ఊట ఊడ్చింది నేను. నన్ను గూడ ఎలేస్తవా?"

ఎర్రయ్య మామ తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"ఎలేస్తే ఎయ్యి. రేపటి సంది ఊట నువ్వే ఊడ్సుకో." బుర్ర మళ్లీ ముంచి నా దగ్గరికి తెచ్చింది. నా తల కింద చెయ్యి పెట్టి లేపింది. అందరికీ వినపడేలా మాట్లాడిన మనిషి నాకు ఒక్కదానికే వినపడేలా అంది.

"నా చేత్తోనే పోసిన గదనే, తల్లీ."

నేను ఏడ్చాను. ఆవిడా ఏడ్చింది. నీళ్లు మట్టివాసన వేశాయి, శబరి వాసన. తర్వాత మా ఆయన వచ్చి తాగాడు. ఆ రోజు ఇంకెవరూ తాగలేదు. వెలి మాట కూడా మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ముత్తమ్మను వెలివేసే మొగాడు ఆ బట్టీల్లో లేడు.

*

మా నాన్న చిల్లగింజలు మూటగట్టి పంపాడు. అత్తమ్మ కుండల్లో అరగదీసి, గుడ్డలో వడకట్టి, "బురద పిల్లా, నీ ఊరి మంత్రం పనిచేస్తంది" అనేది. మొదట్లో నాలో ఏ మార్పూ లేదు. నలుగురూ నవ్వారు. ఇంకొక ఇప్పపూల కాలం నాటికి పాదాల్లో చీమలు పాకడం పోయింది. ఆ పై ఏడు గోడ వదిలి నడిచాను. ఒకరోజు వెదురు పట్టుకోకుండా గొంతుక్కూర్చున్నాను. లేచాను. అక్కడే నిలబడి, చెట్ల మధ్య, పిచ్చిదానిలా నవ్వాను. దేశమంతా ఏదో ఒక దానికి సంబరపడి ఉంటుంది ఆ ఏడు, నా సంబరం మాత్రం అది.

అప్పటికి ఒక్కొక్క గుడిసే వాగు కుండ పెట్టుకుంది. ఎవరూ ఒప్పుకోలేదు, ఎవరూ చెప్పలేదు, కుండ మాత్రం పెట్టుకున్నారు. మా పాప తర్వాత ఆ చోట పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా వచ్చాయి. ఊట నీళ్లు సున్నానికి పోశాం. సున్నానికి ఏ తేడా తెలియలేదు.

అత్తమ్మ నడుము మాత్రం లేవలేదు. ఆవిడ ఎముకలో చేరింది ఒక్క ఏడాదిదా, రెండేళ్లదా. రాజుగారి పాలన పోయి, బట్టీలు మూతపడతాయని మాట వస్తున్న రోజుల్లో ఆవిడ పూర్తిగా మంచాన పడింది. ఒక పొద్దున నన్ను పిలిచింది.

"బుచ్చీ, ఒక్క బుర్రెడు రాతినీళ్లు తెచ్చిపెట్టవే."

"అత్తమ్మా, డాక్టరు ఏం చెప్పిండు?"

"నీకు చెప్పిండు. ఇంకా రాయి అయ్యేటందుకు నాలో ఏం మిగిలింది?"

ఊట చుట్టూ ఆకులు పేరుకుని ఉన్నాయి. ఊడ్చాను. గొంతుక్కూర్చుని, వంగినంత వంగి, బుర్ర పట్టాను. తెచ్చి ఆవిడ తల కింద చెయ్యి పెట్టి తాగించాను. కళ్లు మూసుకుని తాగింది. "ఇవి నీళ్లంటే" అంది. సగం తాగి చాలంది. బుర్ర ఇంకా చల్లగా ఉంది. ఆ మిగిలినవి పారబోయడానికి నాకు చెయ్యి రాలేదు. తాగేశాను.